ఫుల్ సిగ్నల్ ఉన్నా నెట్ రావడం లేదా? సరైన వైఫై పాయింటును మెషిన్ లెర్నింగ్‌తో ఎంచుకోవడం ఎలా

“హాస్టల్లో మా గదికి నాలుగు వైఫై పాయింట్లు అందుతాయి. ల్యాప్‌టాప్ ఎప్పుడు చూసినా తలుపు ఎదురుగా ఉన్నదాన్నే పట్టుకుంటుంది. గీతలన్నీ నిండుగా ఉంటాయి, వీడియో మాత్రం కదలదు. మెషిన్ లెర్నింగ్‌తో మంచిదాన్ని ఎంచుకునేలా చేయవచ్చా?” ఇంజినీరింగ్ విద్యార్థులు, మూడంతస్తుల ఇళ్లలో పైనా కిందా రౌటర్లు పెట్టుకున్నవారు మాటిమాటికీ అడుగుతున్న ప్రశ్న ఇది. చేయవచ్చు. అయితే చాలామంది మోడల్ (డేటా నుంచి నేర్చుకుని అంచనా వేసే ప్రోగ్రాము) దగ్గర మొదలుపెట్టి డేటా దగ్గర బోల్తా పడుతున్నారు. అందుకే ఇక్కడ సగానికి పైగా డేటా సేకరణ గురించే ఉంటుంది. మోడల్ సంగతి కొద్ది పేరాల్లో తేలిపోతుంది.

సిద్ధాంతం ఇంత చాలు: ఏ పాయింటుకు కనెక్ట్ కావాలో చివరికి నిర్ణయించేది రౌటర్ కాదు, మీ ల్యాప్‌టాప్. 802.11కె, 802.11వి అనే వైఫై ప్రమాణాలున్న చోట నెట్‌వర్క్ సలహా ఇవ్వగలదు, అంతే. ల్యాప్‌టాప్ ఎక్కువగా చూసేది సిగ్నల్ బలాన్ని. అది పాయింటు ఎంత గట్టిగా వినిపిస్తోందో చెబుతుంది కానీ, ఆ ఛానెల్ (పాయింటు వాడే రేడియో దారి) మీద ఎంతమంది తమ వంతు కోసం ఎదురుచూస్తున్నారో చెప్పదు. గుమ్మం ముందు ఆగిన బస్సు కిక్కిరిసి ఉంటే, వీధి చివర ఖాళీగా నిలబడ్డ బస్సు దాకా నడవడమే నయం కదా.

ముందుగా: మీకు ఇది అవసరమా?

యాక్సెస్ పాయింట్లు మీ చేతిలోనే ఉంటే మెషిన్ లెర్నింగ్ జోలికి వెళ్లకండి. ముందు వాటిని సరిచేయండి. 2.4 గిగాహెర్ట్జ్‌లో 1, 6, 11 ఛానెళ్లు మాత్రమే ఒకదానిమీద ఒకటి పడకుండా ఉంటాయి. మీ రౌటర్లు 3, 4, 8 లాంటి వాటి మీద ఉంటే మార్చండి. పక్కపక్క పాయింట్లు ఒకే ఛానెల్ మీద అరుస్తుంటే వేరు చేయండి, ప్రసార శక్తి తగ్గించండి. ఇంటి సమస్యల్లో చాలా భాగం ఒక సాయంత్రంలో తీరిపోతుంది.

అందేవి రెండే పాయింట్లయినా మోడల్ అక్కర్లేదు. “5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ మైనస్ 67 డీబీఎం కంటే బాగుంటే దానికే కనెక్ట్ కావాలి, లేకపోతే రెండోదానికి” అన్న నియమం సరిపోతుంది. (డీబీఎం సిగ్నల్ బలానికి కొలమానం. అంకె సున్నాకు ఎంత దగ్గరగా ఉంటే సిగ్నల్ అంత బలం.)

పాయింట్లు మీ అధీనంలో లేవు, అందేవి మూడు నాలుగుకు పైగా ఉన్నాయి, ఏది బాగుంటుందన్నది వేళను బట్టి మారుతోంది అంటే ఇక చదవండి.

ఏమేం కావాలి

లినక్స్ ఉన్న ల్యాప్‌టాప్ కావాలి. ఉబుంటు అయితే ఇబ్బంది లేదు. విండోస్‌లో స్కాన్ చేయడం వీలవుతుంది కానీ, ఫలానా పాయింటుకే కనెక్ట్ కావాలని కమాండుతో చెప్పడం కష్టం. రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ కూడా పనికివస్తుంది, ఒక షరతు మీద: దానితో సేకరించిన డేటా దానికే పనికివస్తుంది. యాంటెన్నా వేరైతే అదే బల్ల మీద అదే పాయింటు సిగ్నల్ వేరుగా కనిపిస్తుంది. ఏ యంత్రం కోసం మోడల్ తయారు చేస్తున్నారో ఆ యంత్రంతోనే కొలవాలి.

సాఫ్ట్‌వేర్‌లో ఎన్‌ఎంసీఎల్‌ఐ (కనెక్షన్ మార్చడానికి), ఐడబ్ల్యూ (వివరంగా స్కాన్ చేయడానికి), పింగ్ (ఆలస్యం కొలవడానికి), కర్ల్ (ఫైలు దించడానికి), పైథాన్, సైకిట్-లెర్న్ (మోడల్ తయారీకి) ఉంటే చాలు. ఐడబ్ల్యూ స్కాన్‌కు అడ్మిన్ హక్కులు కావాలి.

ఇంకా రెండు వారాల ఓపిక, సుమారు ఐదున్నర జీబీ డేటా. లెక్క ఇలా: నాలుగు పాయింట్లు, అరగంటకొక విడత, 14 రోజులు. అంటే 672 విడతలు, 2,688 కొలతలు. ఒక్కో కొలతకు 2 ఎంబీ ఫైలు. మీ కనెక్షన్‌కు రోజువారీ పరిమితి ఉంటే ఫైలును 1 ఎంబీకి తగ్గించండి, విడతలను మాత్రం తగ్గించకండి.

1. అనుమతి ఉన్న పాయింట్ల జాబితా రాయండి

మోడల్ ఎంచుకోవలసింది ఈ జాబితాలోంచి మాత్రమే. గాలిలో కనిపించే ప్రతి నెట్‌వర్కునూ ప్రయత్నించనివ్వకండి. అనుమతి లేని నెట్‌వర్కులోకి వెళ్లడం 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం 43వ సెక్షన్ కిందికి వస్తుంది. అంతకంటే దగ్గరి ప్రమాదం మరొకటి ఉంది. పాస్‌వర్డ్ లేని నెట్‌వర్కులో రద్దీ తక్కువగా ఉండవచ్చు, వేగం ఎక్కువగా రావచ్చు. వేగం ఒక్కటే చూసే మోడల్ నేరుగా దాని ఒళ్లోనే వాలుతుంది. అది ఎవరో వేసిన వల కూడా కావచ్చు.

జాబితాలో నెట్‌వర్క్ పేరు రాస్తే చాలదు. ఒకే పేరుతో నాలుగు పాయింట్లు ఉంటాయి. వాటిని విడదీసేది బీఎస్ఎస్ఐడీ, అంటే పన్నెండు అక్షరాల హార్డ్‌వేర్ చిరునామా. ఒకే డబ్బాలోంచి 2.4, 5 గిగాహెర్ట్జ్ రెండూ వస్తుంటే వాటికి రెండు బీఎస్ఎస్ఐడీలు ఉంటాయి. తరచూ చివరి ఒకటి రెండు అక్షరాలే తేడా. వాటిని రెండు వేర్వేరు పాయింట్లుగానే లెక్కించండి. బీఎస్ఎస్ఐడీని నకలు చేయడం కూడా కష్టం కాదు కాబట్టి జాబితాను రక్షణ అనుకోవద్దు. పాస్‌వర్డ్ లేదా సర్టిఫికెట్ తనిఖీ ఉన్నవాటినే చేర్చండి.

హాస్టల్, ఆఫీసు అయితే నెట్‌వర్క్ చూసే వ్యక్తికి ఒక మాట చెప్పండి. అరగంటకోసారి నాలుగు పాయింట్లకూ గెంతే యంత్రాన్ని చూసి బ్లాక్ చేసినా తప్పు పట్టలేం. యాదృచ్ఛిక మ్యాక్ చిరునామా (ల్యాప్‌టాప్ తన హార్డ్‌వేర్ చిరునామాను మారుస్తూ చూపడం) ఆన్‌లో ఉంటే, ఈ ప్రొఫైలుకు దాన్ని ఆపేయండి. లేకపోతే మీ ఒక్క ల్యాప్‌టాప్ వారికి పది యంత్రాల్లా కనిపించవచ్చు.

2. ‘బాగుంది’ అంటే ఏమిటో ఒక్క అంకెతో చెప్పండి

ఇది తేల్చకుండా ముందుకు పోవద్దు. వీడియో కాల్స్ మీ ముఖ్య అవసరమైతే ఆలస్యం చూడాలి: 100 పింగులను చిన్న నుంచి పెద్దకు పేర్చినప్పుడు 95వ స్థానంలో ఉన్నది. సగటు పనికిరాదు. 94 పింగులు 10 మిల్లీసెకన్లలో వచ్చి ఆరు మాత్రం ఒక సెకను ఆగితే సగటు 70 దగ్గర కనిపిస్తుంది, కాల్‌లో మాత్రం మాట తెగుతుంది. డౌన్‌లోడ్లే ముఖ్యమైతే 2 ఎంబీ ఫైలు పూర్తిగా దిగడానికి పట్టిన సెకన్లు చూడండి. రెండూ కొలిచి దాచుకోండి, మోడల్‌కు మాత్రం ఒక్కటే లక్ష్యంగా ఇవ్వండి. రెంటినీ కలిపి సొంత మార్కుల పద్ధతి కనిపెట్టవద్దు. ఏం తేడా వచ్చిందో తర్వాత మీకే అర్థం కాదు.

ఫైలు ఎక్కడ పెట్టాలి? పాయింట్లన్నీ ఒకే బ్రాడ్‌బ్యాండ్ మీద నడుస్తుంటే, ప్రధాన రౌటర్‌కు కేబుల్‌తో కలిపిన ఏదైనా కంప్యూటర్లో పెట్టండి. అప్పుడు వైఫై గొడవ ఒక్కటే కొలతలోకి వస్తుంది, డేటా ఖర్చు కూడా ఉండదు. అంతస్తుకో బ్రాడ్‌బ్యాండ్ ఉంటే బయటి సర్వర్లో పెట్టాలి. ఏదైనా సరే, రెండు వారాలూ ఒకే సర్వర్, ఒకే ఫైలు.

3. స్కాన్‌లో ఏం రాసుకోవాలి

కనెక్ట్ కాకముందే కనిపించే సంగతులను మాత్రమే రాసుకోండి: జాబితాలోని ప్రతి పాయింటు సిగ్నల్, దాని ఛానెల్, అదే ఛానెల్ మీద కనిపిస్తున్న ఇతర పాయింట్ల సంఖ్య, వేళ, వారంలో ఏ రోజు. అసలు బంగారం మాత్రం ఐడబ్ల్యూ స్కాన్‌లో బీఎస్ఎస్ లోడ్ అన్న చోట ఉంటుంది. ఎంతమంది కనెక్ట్ అయి ఉన్నారు, ఛానెల్ ఎంత బిజీగా ఉంది అన్నవి పాయింటే ప్రకటిస్తుంది. రెండో అంకె 255కు ఇంత అని ఉంటుంది. ఉదాహరణకు తలుపు ఎదుటి పాయింటు మైనస్ 48 డీబీఎం, ఛానెల్ 6, వినియోగం 201 అనుకోండి. మెట్ల దగ్గరిది మైనస్ 66, ఛానెల్ 44, వినియోగం 31. మొదటి ఛానెల్ దాదాపు 79 శాతం నిండిపోయి ఉంది, రెండోది 12 శాతమే. గీతలు మొదటిదే మేలంటాయి. ఈ అంకెలు రెండోదాన్ని ప్రయత్నించి చూడమంటాయి.

ఇక్కడ జరిగే పొరపాట్లు చూడండి.

బీఎస్ఎస్ లోడ్ అన్ని పాయింట్లూ ప్రకటించవు. లేనిచోట ఖాళీ వదలండి, సున్నా రాయకండి. సున్నా అంటే “ఛానెల్ పూర్తిగా ఖాళీ” అని మోడల్ అర్థం చేసుకుంటుంది. ఏమీ చెప్పని పాత రౌటర్ అన్నిటికంటే మంచిదైపోతుంది.

ఎన్‌ఎంసీఎల్‌ఐ సిగ్నల్‌ను 0 నుంచి 100 లెక్కలో చూపుతుంది, ఐడబ్ల్యూ డీబీఎంలో చూపుతుంది. ఒక్క నిలువు వరుసలో రెండూ కలిపితే పట్టిక పాడైనట్టే. డీబీఎంనే వాడండి.

ఎన్‌ఎంసీఎల్‌ఐ మామూలుగా కాసేపటి కిందటి జాబితానే చూపవచ్చు. తప్పనిసరిగా మళ్లీ స్కాన్ చేయమని చెప్పండి. మనిషి అడ్డంగా నడిచినా సిగ్నల్ కొన్ని డీబీలు పడిపోతుంది కాబట్టి, వెంటవెంటనే మూడు స్కాన్లు తీసి మధ్య విలువ రాయండి.

4. కొలత: ఇక్కడే అంతా ఉంది

మామూలుగా ఏం చేస్తారంటే, ల్యాప్‌టాప్‌ను దాని మానాన వదిలి, కనెక్ట్ అయిన పాయింటు వేగాన్ని రాస్తూ పోతారు. నెల తర్వాత పది వేల వరుసలు ఉంటాయి. అవన్నీ బలమైన సిగ్నల్ ఉన్న పాయింటువే. బలహీనంగా కనిపించినదానికి కనెక్ట్ అయి ఉంటే ఏం జరిగేదో ఒక్క వరుస కూడా చెప్పదు. అలాంటి డేటాతో నేర్చిన మోడల్ పాత అలవాటునే కొత్త పేరుతో అప్పజెబుతుంది. పది వేలు లక్ష అయినా అంతే.

కాబట్టి ప్రతి విడతలోనూ ప్రతి పాయింటుకూ కావాలని కనెక్ట్ అయి కొలవాలి. “ఇది ఎలాగూ బాగోదు” అనిపించినదానికి కూడా. ఒక్కో విడత ఇలా నడిపించండి:

మొదట స్కాన్ చేసి అన్ని పాయింట్ల వివరాలూ రాయాలి. తర్వాత జాబితాను చీట్లు కలిపినట్టు కలిపి, ఆ వరసలో ఒక్కొక్క పాయింటుకు కనెక్ట్ కావాలి. ఎన్‌ఎంసీఎల్‌ఐలో కనెక్షన్ ప్రొఫైలుకు బీఎస్ఎస్ఐడీని బిగించి మళ్లీ పైకి తెస్తే ఆ పాయింటునే పట్టుకుంటుంది. కనెక్ట్ అయ్యాక ఐదు సెకన్లు ఆగాలి. గేట్‌వేకు (ఆ నెట్‌వర్కుకు బయటి ద్వారమైన రౌటర్‌కు) 0.2 సెకను ఎడంతో 100 పింగులు పంపాలి. తర్వాత ఫైలు దించి సమయం రాయాలి. ఒక్కో పాయింటుకు నలభై సెకన్లు వేసుకుంటే విడత మూడు నిమిషాల లోపే ముగుస్తుంది. స్కాన్‌కూ ఆఖరి కొలతకూ మధ్య పరిస్థితి పెద్దగా మారకూడదు కాబట్టి ఇంతకంటే సాగదీయవద్దు.

వరస ఎందుకు కలపాలి? ఎప్పుడూ ఒకే పాయింటు చివర వస్తే, స్కాన్ పాతబడిన దోషం ఎప్పుడూ దాని మీదే పడుతుంది.

హెచ్చరికలు, ప్రాధాన్యం బట్టి:

ల్యాప్‌టాప్‌కు నెట్‌వర్క్ కేబుల్ తగిలించి ఉందేమో చూడండి. ఉంటే కొలతలన్నీ కేబుల్ మీదుగా పోతాయి. నాలుగు పాయింట్ల అంకెలూ అచ్చు గుద్దినట్టు ఒకేలా వస్తే మొదట అనుమానించాల్సింది దీన్నే, తర్వాత వీపీఎన్‌ను. పింగ్‌కూ కర్ల్‌కూ వైఫై ఇంటర్‌ఫేస్ పేరు ప్రత్యేకంగా ఇవ్వండి.

లాగిన్ పేజీ ఉన్న నెట్‌వర్కుల్లో గమ్మత్తయిన మోసం జరుగుతుంది. సెషన్ ముగిసిపోయాక మీరు ఫైలు అడిగితే లాగిన్ పేజీ వస్తుంది. అది కొన్ని కిలోబైట్లే కాబట్టి 0.1 సెకనులో దిగుతుంది. మీ పట్టికలో ఆ పాయింటు రికార్డు వేగంతో మెరుస్తుంది, మోడల్ దానికి దాసోహం అంటుంది. దిగిన ఫైలు పరిమాణం సరిగ్గా ఉందో లేదో ప్రతిసారీ సరిచూడండి. తేడా ఉంటే అది విఫలమే.

విఫలమైన కొలతలను తీసేయకండి. కనెక్ట్ కాలేదు, చిరునామా దొరకలేదు, ఫైలు మధ్యలో ఆగింది, ఏదైనా సరే 30 సెకన్లు పట్టినట్టు రాయండి. తీసేస్తే, పదిసార్లలో నాలుగుసార్లు అసలు కనెక్టే కాని పాయింటు మిగతా ఆరుసార్ల వైభవంతో ముందు వరుసలో నిలబడుతుంది.

వైఫై పవర్ సేవ్‌ను కొలత సమయంలో ఆపేయండి. అది ఆన్‌లో ఉంటే కార్డు మధ్యమధ్య కునుకు తీస్తుంది, పింగులు అకారణంగా పెరుగుతాయి. కొలుస్తుండగా స్కాన్ కూడా చేయవద్దు. స్కాన్ కోసం రేడియో ఇతర ఛానెళ్లు తిరిగి వస్తుంది, ఆ కాసేపు మీ పింగులు ఆగుతాయి.

ఆ రెండు వారాల్లో అన్ని రకాల రోజులూ పడేలా చూసుకోండి. సెలవుల్లో సగం హాస్టల్ ఖాళీ అయినప్పుడు సేకరించిన డేటా ఐపీఎల్ మ్యాచ్ రాత్రి పదింటికి ఏం జరుగుతుందో చెప్పలేదు. మీరు ల్యాప్‌టాప్‌ను మంచం మీద, బల్ల మీద, చదువుకునే గదిలో వాడుతుంటే మూడు చోట్లా కొలవండి. చోటు పేరు మోడల్‌కు చెప్పనక్కర్లేదు. అన్ని పాయింట్ల సిగ్నళ్లూ కలిపి చూస్తే మీరెక్కడున్నారో దానికి తెలిసిపోతుంది. ఈ కారణంగానే ఆ ఫైలును నలుగురికీ కనిపించే చోట పెట్టవద్దు. బీఎస్ఎస్ఐడీల పట్టిక అంటే దాదాపు మీ ఇంటి చిరునామాయే.

5. పట్టిక తయారీ

ఒక విడతలోని ఒక్కో పాయింటుకు ఒక్కో వరుస. విడత సంఖ్య, పాయింటు పేరు, స్కాన్ వివరాలు, చివరి గడిలో కొలత. దీనికి మరో రెండు గడులు చేర్చండి: ఆ పాయింటుకు ఇంతకుముందు కొలిచిన విలువ, అది ఎన్ని నిమిషాల కిందటిది. చాలా బలమైన సూచనలివి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. సేకరణ రోజుల్లో ప్రతి పాయింటుకూ అరగంట కిందటి కొలత సిద్ధంగా ఉంటుంది. రేపు మామూలుగా వాడేటప్పుడు మీరున్న పాయింటు సంగతి తప్ప మిగతావాటి కొలతలు గంటల కిందటివి, లేదా అసలు ఉండవు. కాబట్టి శిక్షణ పట్టికలో ఈ రెండు గడులను సగం వరుసల్లో ఖాళీ చేయండి, లేదా మూడు నాలుగు విడతల వెనకటి విలువ పెట్టండి. ఇది చేయకపోతే పరీక్షలో అద్భుతం, పనిలో అయోమయం.

కనెక్ట్ అయ్యాక తెలిసే వివరాలు (లింకు వేగం, తిరిగి పంపిన ప్యాకెట్ల సంఖ్య) మోడల్‌కు ఇచ్చే వివరాల్లో పెట్టకండి. నిర్ణయం తీసుకునే క్షణంలో అవి మీ దగ్గర ఉండవు. పట్టికలో అవి ఉంటే ఫలితాలు తప్పకుండా బాగుంటాయి, అదే మోసం.

6. మోడల్

సైకిట్-లెర్న్‌లోని హిస్ట్ గ్రేడియెంట్ బూస్టింగ్ రిగ్రెసర్ తీసుకోండి. ఖాళీ గడులను అదే చూసుకుంటుంది, ఇంత చిన్న పట్టికకు క్షణాల్లో పూర్తవుతుంది. న్యూరల్ నెట్‌వర్క్ ఎందుకు కాదని అడుగుతారు. రెండు వేల ఏడువందల వరుసలకు అది ఎక్కువ ఆర్భాటం, తక్కువ ఫలితం.

డౌన్‌లోడ్ సెకన్లకు లాగరిథం తీసుకుని లక్ష్యంగా ఇవ్వండి. లేకపోతే కొన్ని 30 సెకన్ల వరుసలే మోడల్ దృష్టినంతా లాగేస్తాయి. పాయింటు పేరును వర్గంగా ప్రకటించండి. 1, 2, 3, 4 అని అంకెలుగా ఇస్తే నాలుగోది రెండోదానికి రెట్టింపు అనుకుంటుంది. ఒక్కో ఆకులో (మోడల్ కట్టే నిర్ణయ వృక్షంలో కొమ్మ చివర) కనీసం 20 వరుసలుండాలని చెప్పండి, మిగతా మీటలు ముట్టుకోవద్దు. కాల్స్ ముఖ్యమైనవారు సగటు బదులు క్వాంటైల్ లక్ష్యం పెట్టి 0.8 ఇవ్వండి. అప్పుడు మామూలుగా ఎంత పడుతుందని కాకుండా, చెడ్డ రోజున ఎంత పట్టవచ్చని అంచనా వేస్తుంది.

వాడకం సులువు. నాలుగు పాయింట్లకూ అంచనాలు తీసి, తక్కువ సెకన్లు చూపినదాన్ని ఎంచుకోవడం.

7. నిజంగా పనిచేస్తోందో లేదో తనిఖీ చేయండి

పట్టికను కలగలిపి 80 శాతం శిక్షణకు, 20 శాతం పరీక్షకు ఇవ్వడం ఇక్కడ పనికిరాదు. రాత్రి 9 గంటల విడత శిక్షణలో, తొమ్మిదిన్నర విడత పరీక్షలో పడితే మోడల్ జవాబు చూసి రాసినట్టే. ఒకే విడతలోని నాలుగు వరుసలు రెండు వైపులా చీలిపోతే మరీ ఘోరం. మొదటి 10 రోజులు శిక్షణకు, చివరి 4 రోజులు పరీక్షకు కేటాయించండి. ఆ నాలుగులో ఒక ఆదివారం పడేలా చూడండి.

అంచనా ఎంత దగ్గరగా ఉందన్నది కూడా పెద్దగా పట్టించుకోవద్దు. మనకు కావలసింది సరైన ఎంపిక. ప్రతి విడతలో ‘నష్టం’ లెక్కించండి: ఎంచుకున్న పాయింటు సమయం నుంచి ఆ విడతలో అత్యుత్తమ పాయింటు సమయం తీసేయాలి. ఉదాహరణకు ఒక విడతలో నాలుగు కొలతలు 1.2, 1.9, 6.4, 2.3 సెకన్లు. మోడల్ రెండోదాన్ని ఎంచుకుంటే నష్టం 0.7 సెకను. బలమైన సిగ్నల్ నియమం మూడోదాన్ని ఎంచుకుంటే నష్టం 5.2. ప్రతి విడతలోనూ అన్ని పాయింట్లనూ కొలిచారు కాబట్టే ఈ లెక్క సాధ్యమైంది. నాలుగో అడుగులో పడ్డ శ్రమ ఇక్కడ తిరిగి వస్తుంది.

పోటీదారులుగా మూడు మొద్దు పద్ధతులు పెట్టండి. ఒకటి, ఎప్పుడూ బలమైన సిగ్నల్. రెండు, పైన చెప్పిన మైనస్ 67 నియమం. మూడు, గంటల పట్టిక: శిక్షణ రోజుల్లో ఈ గంటకు ఏ పాయింటు మధ్యగతం తక్కువో అదే. ఈ మూడోది చాలా గట్టి పోటీ ఇస్తుంది, ముఖ్యంగా మీరు బల్ల దగ్గర్నుంచి కదలకపోతే. మోడల్ దాన్ని స్పష్టంగా ఓడించకపోతే మోడల్‌ను పక్కన పెట్టి పట్టికనే వాడండి. అందులో చిన్నతనమేమీ లేదు. కాగితం మీద రాసి గోడకు అంటించుకోగల పరిష్కారం అది.

నష్టాల సగటుతో పాటు అతి పెద్ద పది నష్టాలను విడివిడిగా తెరిచి చూడండి. అవన్నీ ఒకే పాయింటువైతే, లేదా ఒకే వేళవైతే, పట్టికలో ఏదో లోపం ఉందని గుర్తు. ఫలితం మరీ బాగా వచ్చినా, ఉదాహరణకు నష్టం దాదాపు సున్నా అయినా, సంతోషించే ముందు ఐదో అడుగు చివర చెప్పిన మోసం (దీన్నే లీకేజీ అంటారు) కోసం వెతకండి.

8. పనిలో పెట్టడం

మోడల్ చెప్పిందే తడవుగా మారిపోతూ ఉంటే కంప్యూటర్ రెండు పాయింట్ల మధ్య ఊగుతూనే ఉంటుంది. ప్రతి మార్పుకూ కొన్ని సెకన్లు పోతాయి. అంతస్తుకో బ్రాడ్‌బ్యాండ్ ఉన్నచోట ఐపీ చిరునామా కూడా మారి కాల్ తెగుతుంది. అందుకని కళ్లెం వేయండి. కొత్త పాయింటు కనీసం 25 శాతం మేలని వరసగా మూడు స్కాన్లలో తేలితేనే మారాలి. ఒకసారి మారాక పది నిమిషాలు కదలకూడదు. కాల్ నడుస్తుంటే అసలు మారకూడదు. ఉన్న పాయింటు పూర్తిగా తెగిపోతే మాత్రం ఈ నియమాలన్నీ రద్దు. ఈ అంకెలు మొదలుపెట్టడానికే. రోజుకు మార్పులు డజను దాటుతుంటే 25ను 40 చేయండి.

ప్రొఫైలుకు బీఎస్ఎస్ఐడీ బిగించి ఉన్నంతసేపు నెట్‌వర్క్ మేనేజర్ వెనకాల స్కాన్ చేయడం కూడా మానేస్తుంది. కాబట్టి ఐదు నిమిషాలకోసారి స్కాన్ చేసే పని మీ ప్రోగ్రామే చూసుకోవాలి.

సేకరణ ముగిసిందని కొలతలు ఆపేయకండి. మీరు ల్యాప్‌టాప్ వాడని వేళల్లో నూటికి ఐదు నిర్ణయాలను మోడల్‌తో పనిలేకుండా చీటీ తీసి వేరే పాయింటుకు ఇవ్వండి, కొలిచి పట్టికలో చేర్చండి. పక్కింట్లో కొత్త రౌటర్ వస్తుంది, పాయింట్లు తమంతట తామే ఛానెల్ మార్చుకుంటాయి, పరీక్షల నెలలో హాస్టల్ రాత్రంతా మేలుకుంటుంది. మోడల్ వదిలేసిన పాయింటు బాగుపడిన సంగతి దానికి వేరే దారిలో తెలియదు. వారానికోసారి మళ్లీ శిక్షణ ఇవ్వండి, ఏడో అడుగులోని పోటీ మళ్లీ పెట్టండి. గంటల పట్టిక గెలిచిన వారం దానికే పగ్గాలు అప్పగించండి.

రెండు వారాల సేకరణకు ఓపిక లేనివారికి ప్రత్యామ్నాయం యూసీబీ లాంటి బ్యాండిట్ పద్ధతి. ప్రతి పాయింటుకూ సగటు, ఎన్నిసార్లు ప్రయత్నించారన్న లెక్క రెండే ఉంచుకుని, తక్కువసార్లు చూసినదానికి కొంత అదనపు అవకాశం ఇస్తూ పోతుంది. మొదటి రోజు నుంచే పనిచేస్తుంది. వేళను బట్టి మారే రద్దీని ఇది పట్టుకోలేదు కాబట్టి ఉదయం, మధ్యాహ్నం, రాత్రికి మూడు వేరు లెక్కలు నడపండి.

ఫోన్లో కుదురుతుందా?

పూర్తిగా కుదరదు. ఆండ్రాయిడ్ 9 నుంచి తెర మీద ఉన్న యాప్ కూడా రెండు నిమిషాల్లో నాలుగు స్కాన్లకు మించి చేయలేదు. వెనకాల నడిచే యాప్‌లన్నిటికీ కలిపి అరగంటకు ఒక్కటే. లొకేషన్ అనుమతి కూడా ఇవ్వాలి. ఐఫోన్లో మామూలు యాప్‌కు చుట్టూ ఉన్న పాయింట్ల జాబితాయే అందదు. ఫోను కోసం చేయగలిగింది ఒకటుంది: ల్యాప్‌టాప్ డేటాతో గంటల పట్టిక తీసి, పాయింట్లకు వేర్వేరు పేర్లు ఉన్నచోట ఆ వేళకు తగ్గ పేరును మీరే ఎంచుకోవడం. అన్నిటికీ ఒకే పేరు ఉంటే ఆ దారీ లేదు.

చివరగా, ఊరు వెళ్లేముందు ప్రొఫైలులో బిగించిన బీఎస్ఎస్ఐడీని తీసేయండి. కళాశాల నెట్‌వర్కుకు హాస్టల్లోనూ తరగతి భవనంలోనూ ఒకటే పేరు ఉన్నప్పుడు, ఇలా ఒక్క పాయింటుకు బిగించిన ల్యాప్‌టాప్ తరగతిలో పేరు చూస్తుంది గానీ కనెక్ట్ కాదు, పాస్‌వర్డ్ తప్పేమోనని మీరు గంటసేపు తల పట్టుకుంటారు. జాబితాలోని పాయింటు ఒక్కటీ స్కాన్‌లో కనిపించకపోతే ఆ బిగింపు దానంతట అదే ఊడేలా ప్రోగ్రాములో ఒక వాక్యం రాసి పెట్టుకుంటే ఆ బెడద ఉండదు.